ఇద్దరికీ ఆయాసమే

('గార్డియే ఎ లాద్రి' ప్రదర్శన తర్వాత ఇచ్చిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. కుర్చీలు చాలక గంటా ముప్పావు సేపు గోడకి ఆనుకుని సినిమా చూసినవాళ్లకి ముందుగా క్షమాపణలు. ఇప్పుడు కొన్ని కుర్చీలు ఖాళీ అయినట్టున్నాయి, వచ్చి కూర్చోండి. ప్రసంగం అనగానే లేచిపోయేవాళ్లు ఎప్పుడూ ఉంటారు, వాళ్ల వల్ల మిగతావాళ్లకి ఉపకారమే. (నవ్వులు)

సగంలో వచ్చినవాళ్లు ఓ పదిమంది దాకా ఉన్నారు. వాళ్ల కోసం కథ కాస్త చెప్పుకుని ముందుకెళ్దాం. అంతకన్నా ముందు పేరు సంగతి. 'గార్డియే ఎ లాద్రి' అంటే పోలీసులూ దొంగలూ. ఇటలీలో పిల్లలు వీధుల్లో ఆడుకునే ఆట పేరే అది. మనం ఆడలేదా? దొంగా పోలీసు. మేం చీటీలు కూడా వేసుకునేవాళ్లం. నోటు పుస్తకంలో కాగితం చించి, నాలుగు మడతలు పెట్టి, గుప్పిట్లో కుదిపి కింద పడేస్తే ఎవడికి ఏ చీటీ వస్తే వాడు అదీ. ఒక ఆటలో దొంగైనవాడు మరుసటి ఆటలో పోలీసు. దర్శకులు ఆ పేరు ఊరికే పెట్టలేదు.

1951 నాటి సినిమా. దర్శకులు ఇద్దరు, స్టెనో, మారియో మోనిచెల్లి. స్టెనో అసలు పేరు స్టెఫానో వాంజినా. వీళ్లిద్దరూ అంతకుముందే జంటగా తొతో అనే హాస్యనటుడితో సినిమాలు తీసి ఉన్నారు. దొంగ వేషం వేసింది తొతో. లావుపాటి పోలీసు ఆల్డో ఫాబ్రిజి. నిర్మాతలు కార్లో పోంతి, డీనో దె లౌరెంతిస్. సంగీతం అలెస్సాండ్రో చికొన్యీని. 'బైసికిల్ థీవ్స్' చూసినవాళ్లకి ఆ సంగీతం చెవిలో ఉండే ఉంటుంది, ఆయనే. కెమెరా మారియో బావా. తర్వాతి రోజుల్లో దయ్యాల సినిమాలకి పెట్టింది పేరైన బావాయే. ఆయన ఇక్కడ మిట్టమధ్యాహ్నపు ఎండలో ఆయాసపడే మనుషుల్ని తీశాడు.

కథ. ఫెర్దినాందో ఎస్పొజితో రోమ్ నగరంలో చిల్లర మోసగాడు. పాత రోమన్ శిథిలాల దగ్గర ఒక అమెరికన్ కనబడితే, ప్రాచీన నాణెం దొరికిందని నమ్మించి నకిలీ నాణెం అంటగడతాడు. తోడుగా ఒక స్నేహితుడు. బేరం కుదిరింది, డబ్బు చేతికొచ్చింది, అంతా బాగానే ఉంది. కొన్నాళ్లకి పేదవాళ్లకి ఉచితంగా సరుకుల పొట్లాలు పంచుతున్నారని తెలిసి, పిల్లల్ని వెంటేసుకుని ఎస్పొజితో అక్కడికి వెళ్తాడు. ఆ పంపిణీ సంఘానికి పెద్ద ఎవరు? నాణెం కొన్న అమెరికనే.

ఇక పరుగు. పోలీసు బ్రిగేడియర్ లొరెంజో బొట్టోని వెంటపడతాడు. బ్రిగేడియర్ అంటే మన సైన్యంలో పెద్ద హోదా అనుకోకండి. అక్కడి పోలీసుల్లో అది మన హెడ్ కానిస్టేబుల్‌కి అటూ ఇటూగా ఉండే ఉద్యోగం. పట్టుకుంటాడు కూడా. కానీ దొంగ ఏదో ఉపాయం పన్ని జారుకుంటాడు. అమెరికన్ ఊరుకోడు. బొట్టోని సస్పెండ్ అవుతాడు. మూడు నెలల్లో దొంగని పట్టుకొస్తే సరే, లేకపోతే ఉద్యోగం పోతుంది, కేసు కూడా.

ఇక్కడే కథ తన దారి తను చూసుకుంది. మామూలుగా ఐతే ఇంకో రెండు ఛేజింగులు పెట్టి ముగించొచ్చు. వీళ్లేం చేశారు? పోలీసుని మఫ్టీలో దొంగ ఇంటికి పంపారు. బొట్టోని ఆ ఇంటి పిల్లాడిని మచ్చిక చేసుకుంటాడు, సరుకులు తెచ్చిస్తాడు, నెమ్మదిగా ఇంట్లో మనిషి అయిపోతాడు. ఆయన కూతురు లిలియానా, దొంగగారి బావమరిది ఆల్ఫ్రెడో ఒకరినొకరు ఇష్టపడతారు. చివరికి రెండు కుటుంబాలూ ఒకే బల్ల ముందు భోజనానికి కూర్చునే రోజు వస్తుంది. సరిగ్గా ఆ రోజే దొంగ ఇంటికొస్తాడు.

ఇంతే కథ. ఇప్పుడు నన్ను నిజంగా పట్టుకున్న విషయానికి వస్తాను.

ఆ పరుగు దృశ్యం మళ్లీ ఒకసారి గుర్తు చేసుకోండి. మొదట టాక్సీలో వెంటబడతారు. రోడ్డు అయిపోయాక దిగి పరిగెత్తుతారు. నగరం అయిపోతుంది, బీడు భూములు, సగం కట్టి వదిలేసిన ఇళ్లు, గట్లు. వేగం తగ్గుతూ పోతుంది. పరుగు కాస్తా నడక అవుతుంది, నడక కాస్తా ఈడ్చుకోవడం అవుతుంది. ఇంక ఇద్దరి వల్లా కాదు. మధ్యలో కొంచెం జాగా వదిలి ఇద్దరూ కూలబడతారు. అక్కడ్నించి మాటలు. నిలబడు, లేకపోతే కాలుస్తానంటాడు పోలీసు. కాల్చడానికి వీల్లేదు, ఆత్మరక్షణకైతేనే కాల్చాలి అని దొంగ చట్టం చెప్తాడు. బెదిరించడానికి గాల్లోకి కాలుస్తానంటే, నేను బెదరను అంటాడు. థియేటరంతా నవ్వాం కదా. నేను వెనక కూర్చుని మీ నవ్వులు వింటున్నాను, సరిగ్గా అక్కడే పెద్ద నవ్వు వచ్చింది.

నాకెందుకు ఇష్టమంటే, ఈ ఇద్దరినీ సమానం చేయడానికి దర్శకులు ఏ ఉపన్యాసమూ ఇవ్వలేదు. దొంగలో మంచితనం చూపించి, పోలీసులో జాలి చూపించి, కన్నీళ్లు పెట్టించి చేయొచ్చు. మన సినిమాల్లో అలా బోలెడు చూశాం. వీళ్లు ఊపిరితిత్తులతో చేశారు. ఒకడికి పొట్ట, ఇంకొకడికి ఖాళీ కడుపు. ఇద్దరికీ ఆయాసమే. పక్కపక్కన కూర్చుని రొప్పుతున్న ఇద్దరు నడివయసు మగాళ్లని చూసి, ఎవడు చట్టం, ఎవడు నేరం అని ముఖాలు చూసి చెప్పండి చూద్దాం. యూనిఫాం తీసేస్తే తెలియదు.

యూనిఫాం అన్నాను కాబట్టి పేర్ల సంగతి చెప్పాలి. బొట్టోని అంటే ఇటాలియన్‌లో గుండీలు. బ్రిగేడియర్ గుండీల గారన్నమాట. (నవ్వులు) గుండీలు ఉన్నన్నాళ్లే ఆయన ఆయన. ఎస్పొజితో అనేది నేపుల్స్ వైపు మహా మామూలు ఇంటిపేరు, మన దగ్గర రావులూ రెడ్డిలూ ఉన్నట్టు. కానీ దాని పుట్టుక వేరు. ఒకప్పుడు అక్కడ అనాథాశ్రమాల గుమ్మంలో వదిలేసిన పసివాళ్లకి ఆ పేరు పెట్టేవాళ్లు. బయట పెట్టబడినవాడు అని అర్థం. ఎవరి బిడ్డో తెలియనివాడి పేరు. ఇక దొంగగారి కొడుకు పేరు లీబెరో. అంటే స్వేచ్ఛగా ఉన్నవాడు. జైలుకి పోతూ వస్తూ ఉండే నాన్నకి ఆ పేరు పెట్టాలని ఎందుకనిపించిందో నేను చెప్పక్కర్లేదు.

ఇంకో తమాషా. ఈ 'వదిలేసిన బిడ్డ' వేషం వేసిన తొతో జీవితం చూడండి. 1898లో నేపుల్స్‌లో సానీతా పేటలో పుట్టాడు. తండ్రి గొప్పింటివాడు, తల్లిని పెళ్లాడకుండానే కొడుకు పుట్టాడు. చాలా ఏళ్లదాకా తండ్రి పేరు రాలేదు. తర్వాత ఆంతోనియో దె కుర్తిస్ అయ్యాడు. అప్పట్నించి మనిషికి బిరుదుల పిచ్చి పట్టుకుంది. ఒక మార్క్విస్ చేత దత్తత తీసుకోబడి, రాచబిరుదులు కోర్టుల దాకా వెళ్లి సంపాదించుకున్నాడు. సెట్లో ఆయన్ని ప్రిన్స్ అని పిలిచేవాళ్లు. తెర మీద మాత్రం ఆకలితో ఉన్న మనిషి. ఆకలిని ఆయనలా నటించినవాళ్లు తక్కువ, బహుశా చిన్నప్పుడు చూసి ఉండబట్టేమో. ఫాబ్రిజీది కూడా అదే బాపతు. రోమ్‌లో పేద కుటుంబం. తండ్రి త్వరగా పోతే చదువు మానేసి చిన్నాచితకా పనులు చేశాడు. ఇద్దరూ నాటకాల స్టేజీ మీద, సినిమా వేసే ముందు హాళ్లలో వేసే నవ్వుల ప్రదర్శనల్లో రాటుదేలారు. 1945లో రొసెల్లీని తీసిన 'రోమ్ ఓపెన్ సిటీ'లో నాజీలు కాల్చి చంపే ఫాదరీ ఉన్నాడే, అతనే ఫాబ్రిజి. ఆ సినిమా చూసినవాళ్లకి ఇందులో ఆయన పొట్ట పట్టుకుని పరిగెత్తడం చూస్తే నవ్వుతో పాటు ఇంకేదో అనిపిస్తుంది.

అంతవరకూ తొతోని విమర్శకులు పట్టించుకునేవాళ్లు కాదు. మెడ తిప్పడం, గడ్డం పక్కకి లాగడం, తోలుబొమ్మలా కాళ్లూ చేతులూ విడివిడిగా ఆడించడం, జనం ఎగబడేవాళ్లు, పెద్దమనుషులు ముఖం తిప్పుకునేవాళ్లు. ఈ సినిమాకి ఆయనకి ఇటలీ సినీ పాత్రికేయులు ఇచ్చే నాస్త్రో దార్జెంతో బహుమతి వచ్చింది. 1952లో ఫ్రాన్స్‌లో జరిగిన కాన్స్ సినిమా పండగలో ఈ సినిమా స్క్రీన్‌ప్లేకి బహుమతి వచ్చింది, మూల కథ రాసిన పియెరో తెల్లీని పేరు మీద. నిజానికి రాసినవాళ్లు ఓ అరడజను మంది. వితాలియానో బ్రాంకాతి అనే పేరున్న నవలా రచయిత ఉన్నాడు, తర్వాత దర్శకుడు ఫెల్లీనీకి రాసిన ఎన్నియో ఫ్లయానో ఉన్నాడు, ఫాబ్రిజి కూడా ఒక చెయ్యి వేశాడు. అరడజను మంది రాస్తే మన దగ్గర ఏమవుతుందో నేను చెప్పను. (నవ్వులు)

సరే, ఇక ఇంటి సంగతి. ఈ సినిమాలో నాకు బాగా దగ్గరైనది ఇదే.

బొట్టోని సస్పెండ్ అయిన సంగతి ఇంట్లో చెప్పడు. ఎస్పొజితో చేసే పని పిల్లలకి తెలియదు. ఇద్దరికీ ఇంట్లో చెప్పలేని విషయం ఒకటుంది. పోలీసు దొంగ ఇంట్లో అబద్ధమాడుతున్నాడు, సొంత ఇంట్లోనూ అబద్ధమాడుతున్నాడు. పొద్దున్నే తయారై బయటికి వెళ్తాడు, డ్యూటీకే అనుకుంటుంది భార్య. ఆ భార్య వేషం వేసిన ఆవె నింకీ ఎంత హాయిగా చేసిందో చూశారుగా, నోరు పెద్దది, మనసు అంతకన్నా పెద్దది.

మా నాన్న హెడ్ కానిస్టేబుల్. నేను పెరిగింది పోలీస్ క్వార్టర్స్‌లో. ఊరి పేరు వద్దులెండి. రెండు గదులు, వెనక వరండా, వరండాలో తీగ మీద అన్ని ఇళ్ల ఖాకీలూ వరసగా ఆరేవి. అందులో ఏ ప్యాంటు ఎవరిదో నడుం కొలత చూసి చెప్పేవాళ్లం. మా పక్కింటి మామయ్య కానిస్టేబుల్. రిమాండ్ ఖైదీని కోర్టుకి తీసుకెళ్లి బస్సులో తిరిగి తెస్తుంటే బస్టాండులో వాడు తప్పించుకున్నాడు. మన దగ్గర కూడా అంతే, ఎస్కార్టులో ఉన్న ముద్దాయి పారిపోతే ముందు పోయేది ఎస్కార్టు ఉద్యోగం. సస్పెన్షన్, సగం జీతం. ఆయన ఇంట్లో చెప్పలేదు. రోజూ లాగే స్నానం చేసి, బెల్టు బిళ్లకి బ్రాసో పెట్టి తుడిచి, సంచీలో సివిల్ చొక్కా ఒకటి మడిచి పెట్టుకుని వెళ్లేవాడు. ఎక్కడికి? గ్రంథాలయానికి. స్కూలు ఎగ్గొట్టి నేనూ అక్కడికే వెళ్లేవాణ్ణి కాబట్టి నాకు తెలుసు. ఫ్యాను కింద కూర్చుని ఒకే పేపరు మధ్యాహ్నం దాకా చదివేవాడు. నన్ను చూశాడు, నేనూ చూశాను. ఆయన మా నాన్నకి చెప్పలేదు, నేను అత్తయ్యకి చెప్పలేదు. (నవ్వులు) ఒకటో తారీఖు వచ్చేసరికి జీతం కవరు పల్చగా ఉండి బయటపడిపోయింది. ఆ రోజు అత్తయ్య అరవలేదు. కూర వేరే వండటం మానేసి మా ఇంటికి గిన్నె పంపించడం మొదలుపెట్టింది.

అందుకని బొట్టోని ముఖంలో ఆ చెమట నాకు సినిమా చెమట అనిపించదు. దొంగ చేజారాడన్న బాధ కాదది. రేపు పొద్దున్న ఏ మొహం పెట్టుకుని టిఫిన్ తినాలి అనే టెన్షన్.

ఇప్పుడు కొంచెం పేచీ పెట్టుకుంటాను. ఇంత మెచ్చుకుని పేచీ ఏమిటంటారా? ఉంది.

ఈ సినిమాని సెన్సారు తేలిగ్గా వదల్లేదు. పోలీసు, దొంగ స్నేహితులవడం ఏమిటి, పోలీసు పరువేం కావాలి అని. ఆ రోజుల్లో సినిమా వ్యవహారాలు చూసే ప్రభుత్వ మనిషి జూలియో ఆంద్రెయోత్తి. తర్వాత ఏడు ప్రభుత్వాలకి ప్రధాని అయినాయన. దేశంలో దరిద్రాన్ని తెర మీద ఆరేస్తున్నారని ఆయన బాధ. 1952లో 'ఉంబెర్తో డి' వచ్చినప్పుడు ఆ సినిమా తీసిన విత్తోరియో దె సికాని బహిరంగంగానే తప్పుబట్టాడు. ఆ మాట నిజమే అనుకోండి. కానీ ఇంకో పక్క చూద్దాం. అదే కాలంలో ఇటలీ పోలీసు నిజంగా ఎలా ఉంది? 1950 జనవరి 9న మోదెనా అనే ఊళ్లో లోహాలు పోతపోసే ఫ్యాక్టరీ ముందు కార్మికుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. ఆరుగురు చనిపోయారు. గాల్లోకి కాల్చలేదు. ఆ తర్వాత రెండేళ్లు తిరక్కముందే వచ్చిన సినిమాలో పోలీసు, కాలుస్తానని బెదిరిస్తే అందరం నవ్వుకుంటున్నాం.

దర్శకులు కావాలని దాచారని నేననను. మోనిచెల్లి జీవితాంతం వామపక్షం మనిషి, అతనికి తెలియకపోదు. ఆ చట్టం చెప్పే మాటల్లో, పోలీసు ఎప్పుడు కాల్చకూడదో దొంగే గుర్తు చేయడంలో, ఒక చిన్న ముల్లు ఉందనే అనుకుంటాను. అప్పటి ప్రేక్షకులకి అది గుచ్చుకునే ఉంటుంది. కానీ గుండీల గారు మరీ మంచివాడు. ఆ మంచితనం కొంత అరువు సొమ్ము. సెన్సారు వాళ్లు అనవసరంగా కంగారుపడ్డారు, ఈ సినిమా వల్ల పోలీసులకి మేలే జరిగింది.

అమెరికన్ విషయంలో మాత్రం ఎక్కడా తగ్గలేదు. అప్పుడు మార్షల్ ప్లాన్ నడుస్తోంది, 1948 నుంచి. యుద్ధంలో దెబ్బతిన్న యూరప్ దేశాలకి అమెరికా సాయం చేసే పథకం అది. ఇటలీకి వంద కోట్ల డాలర్లకు పైనే సాయం వచ్చింది. ఓడల్లో గోధుమలు, బొగ్గు, యంత్రాలు. సాయం చేసేవాడి ముందు ఇంట్లోవాళ్లు ఎలా ఉంటారో మీకు తెలుసు కదా. ఆ దొర పాపం దుర్మార్గుడేం కాదు, తిండి పంచుతున్నాడు. కానీ తను మోసపోయానన్న ఉక్రోషంతో ఒక చిన్న ఉద్యోగి బతుకు మీదికి తెచ్చాడు. అధికారులు కూడా ఆ దొరకి కోపం రాకూడదని బొట్టోనిని బలిపెట్టారు. దానం చేసే చెయ్యి పైన ఉంటే కింద ఉన్నవాళ్ల చేతులు ఎలా వణుకుతాయో ఇంత తేలిగ్గా చూపించిన సినిమా ఇంకోటి నాకు గుర్తురావట్లేదు. పదేళ్ల తర్వాత, 1961లో, 'తొతోత్రుఫ్ఫా 62' అనే సినిమాలో ఇదే తొతో ఒక పర్యాటకుడికి ఏకంగా రోమ్‌లో పేరుమోసిన త్రేవీ ఫౌంటెన్నే అమ్మేస్తాడు. నాణెం నుంచి ఫౌంటెన్ దాకా, దేశం బాగుపడిందన్నమాట. (నవ్వులు)

తొతో, ఫాబ్రిజి జంట మళ్లీ కలిశారు. 1959లో స్టెనో తీసిన 'ఇ తర్తస్సాతి'లో ఫాబ్రిజి పన్నుల అధికారి, తొతో లెక్కలు దాచే బట్టల వ్యాపారి. బాగానే ఉంటుంది, నవ్వొస్తుంది, కానీ అందులో తొతోకి ఆకలి లేదు. ఆకలి లేని తొతో సగం తొతో. మోనిచెల్లి ఒంటరిగా వెళ్లి 1958లో చేతగాని దొంగల మీద 'ఇ సొలితి ఇన్యోతి' తీశాడు, వచ్చే నెల అదే వేస్తున్నాం.

చివరి పావుగంట గురించి చెప్పి దిగిపోతాను.

పక్కగదిలో పళ్లేలు సర్దుతున్నారు. పిల్లలు అటూ ఇటూ పరిగెడుతున్నారు. ఇక్కడ ఈ ఇద్దరూ. మూడు నెలలుగా బొట్టోని ఎదురుచూసిన ఘడియ ఇదే, చెయ్యి చాస్తే ఉద్యోగం తిరిగొచ్చేస్తుంది. చాచలేడు. నువ్వు నన్ను పట్టుకోకపోతే నీ గతేంటని దొంగే అడుగుతాడు. బేరం మళ్లీ మొదలైంది, నాణెం బేరంలాగే, కానీ ఇందులో ఇద్దరూ ఎదుటివాడికి ఎక్కువ ఇవ్వాలని చూస్తున్నారు. చివరికి ఎస్పొజితో ఇంట్లోవాళ్లకి పని మీద ఊరెళ్తున్నానని చెప్తాడు. అది అబద్ధమని తెలిసినవాడు ఆ ఇంట్లో ఒక్కడే ఉన్నాడు, ఆ ఒక్కడూ పోలీసు. నేను లేనప్పుడు వీళ్లని చూసుకో అని మాట తీసుకుంటాడు.

ఇద్దరూ బయల్దేరతారు. బొట్టోని కాళ్లు కదలవు. ఇంకో రోజు వెళ్దాంలే అన్నట్టు వెనక్కి లాగుతాడు. ఎస్పొజితో ఆయన చెయ్యి పట్టుకుని ముందుకి లాక్కుపోతాడు. పోలీసుని దొంగ జైలుకి తీసుకెళ్తున్నాడు. పిల్లల ఆటలో చీటీలు మారిపోయాయి చూశారా.

ముందు వరుసలో ఒకమ్మాయి చెయ్యెత్తింది, అడగమ్మా.

(ప్రేక్షకుల్లోంచి: బొట్టోని తర్వాత నిజంగా ఆ కుటుంబాన్ని చూసుకుంటాడా సార్?)

మంచి ప్రశ్న వేశావు. చూసుకుంటాడు. ఎందుకంటే ఆయన భార్యకి ఆ కుటుంబం నచ్చింది, కూతురు ఆ ఇంటి కుర్రాణ్ణి చూసుకుంది. ఆయనకి ఇష్టమున్నా లేకపోయినా ఆదివారం ఆ ఇంటికి వెళ్లక తప్పదు. అయితే వెళ్లిన ప్రతిసారీ, మా నాన్న ఊర్నించి ఎప్పుడొస్తాడు అని లీబెరో అడుగుతాడు. శిక్ష ఎన్నాళ్లో ఆ ఇంట్లో ఆయనకొక్కడికే తెలుసు. నవ్వుతూ ఏదో తారీఖు చెప్పాలి.